బోర్డు మీది ధర ఎవరి కోసం? ఫాస్ట్‌ఫుడ్ లెక్కలు విప్పి చూస్తే

ఫాస్ట్‌ఫుడ్ మీద ఒకప్పుడు జరిగిన వాదనంతా ఆరోగ్యం చుట్టూనే తిరిగేది. కొవ్వు ఎంత, ఉప్పు ఎంత, పిల్లలకు పెట్టొచ్చా, పెట్టకూడదా అనే. చవక అన్న విషయంలో మాత్రం ఎవరికీ పేచీ ఉండేది కాదు. తిట్టిపోసేవాళ్లు కూడా "చవగ్గా దొరుకుతోంది కాబట్టే జనం ఎగబడుతున్నారు" అనే తిట్టేవాళ్లు. ఇప్పుడు ఆ చవక మీదే అనుమానం వచ్చింది.

2023లో అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో, డేరియన్ దగ్గర హైవే పక్కన ఉన్న ఒక మెక్‌డొనాల్డ్స్‌లో బిగ్ మ్యాక్ మీల్ (బర్గర్, ఫ్రైస్, కూల్‌డ్రింక్ కలిపి) ధర దాదాపు 18 డాలర్లు ఉందని చూపించే ఫొటో వైరల్ అయింది. ఆ రగడ ఎంతకీ చల్లారకపోవడంతో 2024 మేలో మెక్‌డొనాల్డ్స్ అమెరికా విభాగం అధ్యక్షుడు జో ఎర్లింజర్ ఏకంగా బహిరంగ లేఖ రాశారు. 2019లో సగటున 4.39 డాలర్లున్న బిగ్ మ్యాక్ 2024 నాటికి 5.29 అయిందని, అంటే పెరిగింది 21 శాతమేనని, రెట్టింపయిందన్న ప్రచారం తప్పని ఆయన వివరణ. ఆ 18 డాలర్లు ఎక్కడో ఒక షాపు సంగతి అని కూడా అన్నారు.

ఫొటో అబద్ధం కాదు. లేఖలోని సగటూ అబద్ధం కాదు. ఒకే కంపెనీ, ఒకే బర్గర్, ఒకే దేశం. మరి ఒకరికి చవగ్గా, ఇంకొకరికి దోపిడీలా కనిపించేంత తేడా ఎక్కడి నుంచి వచ్చింది? "ధరలు పెరిగాయా లేదా" అని మాత్రమే అడిగితే సగం జవాబే దొరుకుతుంది. ధరలు పెరిగాయి, అందులో సందేహం లేదు. కానీ ఫాస్ట్‌ఫుడ్‌లో పోయినవాటిలో చవక ఒకటి మాత్రమే. దాంతోపాటు బోర్డు మీద రాసిన ధరే అందరి ధర అన్న భరోసా కూడా పోయింది. నన్ను ఎక్కువ బాధపెట్టేది ఈ రెండోదే.

పదిహేను సెంట్ల బర్గర్

కాలిఫోర్నియాలోని శాన్ బెర్నార్డినోలో రిచర్డ్, మారిస్ మెక్‌డొనాల్డ్ అన్నదమ్ముల డ్రైవ్-ఇన్ రెస్టారెంట్ బాగానే నడిచేది. కార్ల దగ్గరికి వెళ్లి ఆర్డర్లు తీసుకునే అమ్మాయిలు, పింగాణీ ప్లేట్లు, ఫోర్కులు, స్పూన్లు, పాతిక దాకా వంటకాలు. 1948లో వాళ్లు దాన్ని కొన్ని నెలలు మూసేసి, తిరిగి తెరిచేసరికి ఇవేవీ లేవు. మెనూలో తొమ్మిదే వస్తువులు మిగిలాయి. ప్లేట్ల స్థానంలో కాగితం వచ్చింది. ఫోర్కు అవసరమయ్యే తిండి ఏదీ ఉంచలేదు. 1950ల మొదట్లో కొత్త భవనం కట్టేటప్పుడైతే ఒక టెన్నిస్ కోర్టు మీద వంటగది నమూనా సుద్దముక్కతో గీసి, పనివాళ్లను అందులో అటూ ఇటూ నడిపించి, ఎవరి చెయ్యి ఎక్కడిదాకా చాలుతుందో, ఎవరు ఎవరికి అడ్డం పడుతున్నారో చూసి స్టవ్వులూ బల్లలూ ఎక్కడుండాలో తేల్చారు. ఒకరు కాల్చడం, ఒకరు సాస్ వేయడం, ఒకరు చుట్టడం. 1948 మార్పుకు ముందు 30 సెంట్లున్న హాంబర్గర్ 15 సెంట్లకు దిగింది.

ఇక్కడ గమనించాల్సిన సంగతి, మాంసం ధర తగ్గడం వల్ల ఆ బర్గర్ చవక కాలేదు. అనుభవమున్న వంటవాడి అవసరం తీసేశారు. వడ్డించేవాళ్లను తీసేశారు. గిన్నెలు కడిగే పని తీసేశారు. ఎంపిక కుదించారు. క్యూలో నిలబడటం, ట్రే మోసుకెళ్లడం, తిన్నాక చెత్త పడేయడం కస్టమర్‌కు అప్పగించారు. ఆ పనంతా మనం చేస్తున్నాం కాబట్టే ధర తగ్గింది. ఇప్పుడు ఆర్డర్ రాసుకునే పని కూడా టచ్‌స్క్రీన్ దగ్గర మనమే చేసుకుంటున్నాం. పని మన మీదికి వచ్చినప్పుడు దానికి తగ్గ తగ్గింపు బిల్లులో కనబడాలని కోరుకోవడం అత్యాశేమీ కాదు.

అంతకు ముందే, 1921లో, కాన్సాస్ రాష్ట్రంలోని విచిటాలో వైట్ క్యాసిల్ అనే చైన్ 5 సెంట్ల హాంబర్గర్‌తో మొదలై ఏళ్ల తరబడి అదే ధర నిలబెట్టుకుంది. ఈ వ్యాపారానికి పునాది అదే: తక్కువ ధర, తక్కువ సమయం, ఎక్కడ తిన్నా ఒకటే రుచి, లోపలికి అడుగుపెట్టకముందే తెలిసిపోయే బిల్లు. ఈ ఏకరూపత ఎంత దూరం వెళ్లిందంటే, 1986లో ది ఎకనామిస్ట్ పత్రిక దేశాల కరెన్సీల విలువను పోల్చడానికి బిగ్ మ్యాక్ ధరనే కొలబద్దగా తీసుకుంది. ఎక్కడైనా ఒకటే వస్తువు కాబట్టి అది కుదిరింది.

జనానికి కోపం 2024లోనే ఎందుకు వచ్చింది

ధరలు 2021 నుంచే ఎగబాకుతున్నాయి. అయినా కస్టమర్లు గట్టిగా వెనక్కి తగ్గింది 2024లో. దీనికి కారణం అమెరికా ప్రభుత్వ గణాంకాల్లోనే ఉంది. 2022లో సరుకులు కొని ఇంట్లో వండుకునే తిండి ధర 11.4 శాతం పెరిగితే, బయట తినే తిండి 7.7 శాతమే పెరిగింది. అంటే ఆ ఏడాది సూపర్‌మార్కెట్ బిల్లు చూసి గుండె జారినవాళ్లకు బర్గర్ షాపు ఫర్వాలేదనిపించింది. 2023లో లెక్క తిరగబడింది: ఇంటి తిండి 5 శాతం, బయటి తిండి 7.1. 2024లో ఇంటి తిండి 1.2 శాతమే పెరిగింది, బయటిది 4.1. సరుకుల ధరలు కుదుటపడ్డాక కూడా మెనూ బోర్డు ఎక్కుతూనే పోయింది. ధర ఎక్కువా తక్కువా అని మనం ఎప్పుడూ పక్కదానితో పోల్చే నిర్ణయిస్తాం. పక్కది ఆగిపోయి ఇది ఒక్కటే కదులుతుంటే కళ్లకు కొట్టొచ్చినట్టు కనబడుతుంది.

సంపాదనతో పోల్చి చూస్తే ఇంకో కోణం తేలుతుంది. 1968లో బిగ్ మ్యాక్ అమెరికా అంతటా మొదలైనప్పుడు ధర 49 సెంట్లు. ఆ ఏడాది ఫెడరల్ కనీస వేతనం గంటకు 1.60 డాలర్లు. గంట పని చేస్తే మూడు బిగ్ మ్యాక్‌లు కొని, ఇంకా చిల్లర మిగిలేది. 2024లో ఫెడరల్ కనీస వేతనం 7.25 డాలర్లు. అది 2009 నుంచి కదల్లేదు. 5.29 డాలర్ల సగటు ధర దగ్గర గంట పనికి ఒకటే వస్తుంది, రెండోదానికి చాలదు. చాలా రాష్ట్రాల్లో కనీస వేతనం ఇంతకంటే ఎక్కువే ఉంది కాబట్టి ఈ పోలిక అందరికీ వర్తించదు. కేవలం ద్రవ్యోల్బణం లెక్క తీస్తే అప్పటి 49 సెంట్లు 2024లో సుమారు 4.40 డాలర్లతో సమానం. అంటే బర్గర్ నిజంగా ప్రియమైంది, కాకపోతే ఆకాశాన్ని అంటలేదు. కూలి కదలని చోట పనిచేసే మనిషికి మాత్రం మూడు బర్గర్లు ఒకటిగా మారాయి.

ఆ డబ్బు ఎవరికి పోతోంది

"కంపెనీ అత్యాశ" అని ఒక వర్గం, "జీతాలు పెంచమంటే ఇలాగే ఉంటుంది" అని ఇంకో వర్గం వాదించుకుంటూ ఉంటాయి. రెండింటిలోనూ కొంత నిజం ఉంది. కానీ ఈ వ్యాపారం ఎలా నడుస్తుందో తెలియకుండా తప్పు ఎవరి మీద వేసినా గురి తప్పుతుంది.

అమెరికాలో మెక్‌డొనాల్డ్స్ షాపుల్లో దాదాపు 95 శాతం కంపెనీవి కావు, కంపెనీ పేరు వాడుకునే హక్కు తీసుకుని సొంతంగా నడిపే ఫ్రాంచైజీ యజమానులవి. కంపెనీకి వచ్చే ఆదాయంలో సింహభాగం రెండు రకాలు: అమ్మకాల మీద శాతం చొప్పున రాయల్టీ, షాపు ఉన్న స్థలానికి అద్దె. అద్దె కూడా చాలావరకు అమ్మకాలకు ముడిపడి ఉంటుంది. మాంసం, బన్ను, నూనె, కరెంటు, జీతాలు, ఇన్సూరెన్స్ అన్నీ యజమాని జేబులోంచి పోతాయి. మెనూ ధర నిర్ణయించేది కూడా ఆయనే. హైవే మీద పోటీ లేని చోట 18 డాలర్ల మీల్ అలా పుట్టుకొస్తుంది. అక్కడ అద్దె ఎక్కువ, ప్రయాణికుడికి వేరే దారి తక్కువ.

ఇప్పుడు ఈ ఇద్దరి ప్రయోజనాలు పక్కపక్కన పెట్టి చూడండి. పది బర్గర్లు నష్టానికి అమ్మినా అమ్మకం అమ్మకమే, కంపెనీకి రాయల్టీ వస్తుంది. యజమానికి మాత్రం ప్రతి బర్గర్ మీదా నాలుగు పైసలు మిగలాలి. అందుకే కంపెనీ ఎప్పుడూ "జనాన్ని రప్పించండి, ఆఫర్లు పెట్టండి" అంటుంది, యజమానులు "మాకు గిట్టుబాటు కావడం లేదు" అంటారు. 2000ల మొదట్లో దేశమంతా నడిచిన, ఒక్కో వస్తువు డాలర్‌కే ఇచ్చే డాలర్ మెనూ చరిత్ర మొత్తం ఈ గుంజాటనే. అందులో డబుల్ చీజ్ బర్గర్ డాలర్‌కు అమ్మడం భారమవుతోందని యజమానులు మొత్తుకున్నారు. 2008 డిసెంబరులో దాన్ని డాలర్ మెనూ నుంచి తప్పించి, దాని స్థానంలో మెక్‌డబుల్ అని కొత్తది పెట్టారు. రెండు ముక్కల మాంసం, అదే బన్ను. తేడా ఏమిటంటే రెండు చీజ్ స్లైసులకు బదులు ఒకటి. ఒక్క పల్చటి చీజ్ ముక్క తీసేస్తే తప్ప డాలర్ ధర నిలవని పరిస్థితి. ఈ వ్యాపారంలో లాభం ఎంత సన్నటి అంచు మీద నడుస్తుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు కనిపించలేదు. 2013 తర్వాత ఆ పాత డాలర్ మెనూయే లేకుండా పోయింది.

ఖర్చులు నిజంగానే పెరిగాయి. కాలిఫోర్నియాలో దేశవ్యాప్తంగా 60కి పైగా శాఖలున్న ఫాస్ట్‌ఫుడ్ చైన్ల సిబ్బందికి 2024 ఏప్రిల్ 1 నుంచి గంటకు కనీసం 20 డాలర్లు ఇవ్వాలని చట్టం వచ్చింది. అంతకుముందు రోజు వరకు రాష్ట్ర కనీస వేతనం 16. గొడ్డుమాంసం సంగతి చూస్తే, 2024 మొదట్లో అమెరికాలో పశువుల సంఖ్య 1951 తర్వాత ఎన్నడూ లేనంత తక్కువకు పడిపోయింది. కరవు వల్ల మేత దొరక్క రైతులు మందలు తగ్గించుకున్నారు. ఇందులో ఇంకో చిక్కుంది. మందను మళ్లీ పెంచాలంటే పడ్డలను కోతకు పంపకుండా ఈనడానికి అట్టిపెట్టుకోవాలి. అంటే కోలుకునే మొదటి దశలో మాంసం సరఫరా ఇంకా తగ్గుతుంది. కాబట్టి బీఫ్ ధర పెరిగిందంటే ఒక్క ఏడాదిలో దిగివచ్చే వ్యవహారం కాదు.

అలాగని కంపెనీ చేతులు కడిగేసుకోవడానికి వీల్లేదు. 2024 నుంచి అమెరికా, కెనడాల్లో కొత్తగా తెరిచే షాపులకు మెక్‌డొనాల్డ్స్ రాయల్టీని 4 శాతం నుంచి 5 శాతానికి పెంచింది. అమ్మకాల మీద ఒక శాతం అంటే చిన్నదిగా వినబడుతుంది గానీ, అన్ని ఖర్చులూ పోను మిగిలే లాభంలో అది చెప్పుకోదగ్గ ముక్క. ఆ భారం చివరికి ఎవరి బిల్లులోకి చేరుతుందో వేరే చెప్పక్కర్లేదు.

మీల్ సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. బర్గర్ మీద మిగిలేది తక్కువ. ఫ్రైస్ మీద ఎక్కువ. కూల్‌డ్రింక్ మీద అన్నిటికంటే ఎక్కువ, ఎందుకంటే అందులో ఉండేది నీళ్లు, గ్యాస్, కాస్త సిరప్, చాలా ఐసు. బర్గర్ కొనడానికి వచ్చినవాళ్లతో "మీల్ చేసుకోండి" అనిపించడంలోనే షాపు లాభం దాగి ఉంది. ఎర్లింజర్ లేఖతో పాటు ఇచ్చిన లెక్కల్లోనే బిగ్ మ్యాక్ ఒక్కటి 21 శాతం పెరిగితే, బిగ్ మ్యాక్ మీల్ 27 శాతం పెరిగింది. 7.29 డాలర్ల నుంచి 9.29కి. డ్రింకు పరిమాణమూ మారిపోయింది: తొలినాళ్లలో ఏడు ఔన్సుల కప్పు ఉండేది, ఇప్పుడు లార్జ్ అంటే ముప్పై ఔన్సులు. ఎక్కువ ఇస్తున్నారు కాబట్టి లాభసాటి అనిపిస్తుంది. ఎక్కువ ఇచ్చేది వాళ్లకు అతి తక్కువ ఖర్చయ్యే వస్తువునే.

ఒకే కౌంటర్, రెండు ధరలు

మధ్యాహ్నం పన్నెండున్నరకు ఒక కౌంటర్ ముందు ఇద్దరు నిలబడ్డారనుకోండి. ఇద్దరికీ కావాల్సింది ఒకటే మీల్. మొదటి మనిషి బోర్డు చూసి అడిగాడు, కార్డు గీకాడు, అయిపోయింది. రెండో మనిషి దారిలోనే ఫోన్ తీసి యాప్ తెరిచాడు. "ఈ వారం మీకోసం" అని మూడు ఆఫర్లు వచ్చాయి. ఒకటి ఇరవై శాతం తగ్గింపు, కానీ పది డాలర్లు దాటితేనే. ఇంకోటి ఒకటి కొంటే ఒకటి ఉచితం, కానీ చికెన్‌కు మాత్రమే. మూడోది ఫ్రైస్ ఉచితం, కానీ మిగతా ఆఫర్లతో కలపకూడదు. పాత పాయింట్లు వాడాలా, దాచుకోవాలా అని ఒక నిమిషం. లొకేషన్ ఆన్ చేయమని ఒకసారి. కోడ్ తీసుకొని కౌంటర్‌లో చెప్పాడు. ఒకే వంటగదిలోంచి, ఒకే వేడి దీపం కింద నుంచి, ఒకే కాగితంలో చుట్టిన రెండు బర్గర్లు బయటికొచ్చాయి. బిల్లుల్లో మాత్రం రెండు మూడు డాలర్ల తేడా.

దీని వెనక ఉన్న ఆర్థిక సూత్రం పాతదే. ధరను పట్టించుకోని వాడి దగ్గర పూర్తి ధర తీసుకోవాలి, పట్టించుకునే వాడికి కాస్త కష్టపెట్టి తగ్గించాలి. పేపర్‌లో కూపన్ కత్తిరించుకునే రోజుల్లోనూ జరిగింది ఇదే. కొత్తది ఏమిటంటే ఆ కూపన్‌కు ఇప్పుడు మన పేరు తెలుసు, మనం ఏ వేళకు వస్తామో తెలుసు, ఎంత తగ్గిస్తే కదులుతామో కూడా తెలుసు. 2027 నాటికి ప్రపంచవ్యాప్తంగా 25 కోట్ల మంది క్రియాశీల లాయల్టీ సభ్యులను చేర్చుకోవాలని మెక్‌డొనాల్డ్స్ 2023 డిసెంబరులో లక్ష్యం ప్రకటించింది. ఉత్త తగ్గింపులు ఇవ్వడానికి అంతమంది వివరాలు అక్కర్లేదు.

2024 ఫిబ్రవరిలో మరో బర్గర్ చైన్ వెండీస్‌కు అప్పటి సీఈఓ కిర్క్ ట్యానర్ డిజిటల్ మెనూ బోర్డుల మీద రెండు కోట్ల డాలర్లు పెడుతున్నామని, డైనమిక్ ప్రైసింగ్‌ను పరీక్షిస్తామని ఇన్వెస్టర్లతో అన్నారు. రద్దీ వేళ ధర పెంచుతారన్నమాట అని జనం భగ్గుమన్నారు. అలాంటి ఉద్దేశం లేదని, రద్దీ లేని వేళ తగ్గింపులు ఇవ్వడానికే అని కంపెనీ వివరణ ఇచ్చుకుంది. నాకు ఆ వివరణతో పేచీ లేదు. కానీ ముందు బోర్డు ధర ఎత్తుగా పెట్టి తర్వాత కొందరికి తగ్గించడానికీ, మామూలు ధర పెట్టి కొందరికి పెంచడానికీ లెక్కలో తేడా ఏముంది? కౌంటర్ దగ్గర మొదటి మనిషికి రెండూ ఒకటే.

ఆ మొదటి మనిషి ఎవరు? డబ్బున్నవాడు కావచ్చు, రెండు డాలర్లు తనకు లెక్క కాకపోవచ్చు. కానీ స్మార్ట్‌ఫోన్ అలవాటు లేని పెద్దాయన కావచ్చు. డేటా అయిపోయిన విద్యార్థి కావచ్చు. రాత్రి షిఫ్టు దిగి, ఆఫర్లు చదివే ఓపిక లేక, ఆకలితో వచ్చిన నర్సు కావచ్చు. ఫాస్ట్‌ఫుడ్ పుట్టిందే తీరిక లేనివాళ్ల కోసం. ఇప్పుడు దాన్ని సరైన ధరకు కొనాలంటే తీరిక కావాలి. ఇది నాకు అన్యాయంగా తోస్తోంది, మార్కెట్ తెలివి అని సరిపెట్టుకోలేకపోతున్నాను.

దేనితో పోల్చాలి

గిట్టుబాటు అనేది ఒంటరి అంకెలో తేలదు. ఆ పూట ఇది కాకపోతే ఇంకేం తినేవాళ్లం అన్నదే కొలత.

ఇంట్లో వండుకుంటే సగం ఖర్చులో అయిపోతుందని చాలామంది అంటారు. ఎంతమందికి వండుతున్నారన్నది ముందు చెప్పాలి. వంటలో మనుషులు పెరిగే కొద్దీ తలకు పడే ఖర్చు, శ్రమ తగ్గుతాయి. ఒక్కరికి వండినా నలుగురికి వండినా కూరగాయలు తరిగే సమయంలో కాస్త తేడా తప్పితే స్టవ్ వెలిగించడం, గిన్నెలు కడగడం ఒకటే. ఫాస్ట్‌ఫుడ్‌లో అలా ఉండదు, తలకు ఇంత అని నలుగురికి నాలుగింతలు. మీల్ పది డాలర్లు అనుకుంటే ఒక్క మనిషికి పది, కుటుంబానికి నలభై, ఆపైన పన్ను. ఒంటరిగా ఉండి, తెచ్చిన కూరగాయల్లో సగం ఫ్రిజ్‌లో వాడిపోయి చెత్తబుట్టలో పడేసే మనిషికి అప్పుడప్పుడూ కొనుక్కునే బర్గర్ వృథా ఖర్చు కాకపోవచ్చు. నలుగురున్న ఇంటికి వారానికి రెండుసార్లు అదే పని అంటే తడిసి మోపెడవుతుంది. ఇద్దరికీ ఒకే సలహా ఇచ్చే వాదనలు నమ్మదగ్గవి కావు.

రెండో పోలిక కూర్చుని తినే రెస్టారెంట్లతో. ఒకప్పుడు ఈ రెంటి మధ్యా పెద్ద అగాధం ఉండేది. ఇప్పుడు దాదాపు పూడిపోయింది. 2024లో అమెరికన్ చైన్ చిలీస్ 10.99 డాలర్లకు డ్రింకు, చిప్స్-సల్సా, బర్గర్, ఫ్రైస్ కలిపి ఇస్తూ, ఫాస్ట్‌ఫుడ్ బర్గర్లను నేరుగా వెక్కిరించే ప్రకటనలు వేసింది. ఆ ఏడాది చివరి మూడు నెలల్లో పాత శాఖల అమ్మకాలు అంతకుముందు ఏడాదితో పోలిస్తే 31 శాతం పెరిగాయి. టిప్ కలిపితే అక్కడ బిల్లు కాస్త ఎక్కువే అవుతుంది. అయినా కుర్చీ, ప్లేటు, వడ్డించే మనిషి ఉన్నప్పుడు జనం ఆ రెండు డాలర్లు పెట్టడానికి వెనకాడలేదు. మెక్‌డొనాల్డ్స్‌కు మాత్రం 2024 ఏప్రిల్-జూన్ త్రైమాసికంలో ప్రపంచవ్యాప్తంగా పాత శాఖల అమ్మకాలు ఒక శాతం తగ్గాయి. 2020 తర్వాత అలా తగ్గడం అదే మొదటిసారి.

మూడోది డెలివరీ. దీని మీద నాకు మొహమాటం లేదు: ఫాస్ట్‌ఫుడ్‌ను డెలివరీలో తెప్పించుకోవడం డబ్బు పారేసుకోవడమే. డెలివరీ యాప్ రెస్టారెంట్ దగ్గర 15 నుంచి 30 శాతం దాకా కమీషన్ తీసుకుంటుంది కాబట్టి యాప్‌లో మెనూ ధరే ముందుగా పెరిగి ఉంటుంది. దాని మీద సర్వీస్ ఫీజు, డెలివరీ ఫీజు, టిప్. ఇన్ని కట్టాక వచ్చే ఫ్రైస్ ఎలా ఉంటాయి? నూనెలోంచి తీసిన వెంటనే ఫ్రై పైపొర పొడిగా, కరకరలాడుతూ ఉంటుంది, లోపల మెత్తటి తేమ. నిమిషాలు గడిచే కొద్దీ లోపలి తేమ పైపొరలోకి పాకుతుంది. మూత బిగించిన సంచిలో పెడితే ఆవిరి బయటికి పోలేక తిరిగి ఫ్రై మీదే దిగుతుంది. అరగంట ప్రయాణం తర్వాత చేతికొచ్చేది వాలిపోయిన, చల్లటి, ఉప్పు బంకదుంప. ఫాస్ట్‌ఫుడ్ రుచి మొత్తం మొదటి పది నిమిషాల్లోనే ఉంటుంది. డెలివరీ ముందు ఆ పది నిమిషాలనే మింగేస్తుంది.

ఆరోగ్యం సంగతి పొడుగ్గా చెప్పను, కానీ డబ్బుతో ముడిపడిన ఒక్క ముక్క ఉంది. అమెరికా నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్‌లో కెవిన్ హాల్ బృందం 2019లో ప్రచురించిన ప్రయోగంలో 20 మందిని పరిశోధన కేంద్రంలోనే ఉంచి, రెండు వారాలు అల్ట్రా-ప్రాసెస్డ్ (ఫ్యాక్టరీల్లో బాగా మార్చి తయారుచేసిన) తిండి, రెండు వారాలు మామూలు తిండి పెట్టారు. ఎంత కావాలంటే అంత తినొచ్చు. అల్ట్రా-ప్రాసెస్డ్ తిండి పెట్టిన రోజుల్లో వాళ్లు రోజుకు సుమారు 500 క్యాలరీలు అదనంగా తిన్నారు. ఆ తిండిని తయారుచేయడానికి అయిన సరుకుల ఖర్చు మాత్రం తక్కువే. ఇది ఫాస్ట్‌ఫుడ్ ఒక్కదాని మీద చేసిన ప్రయోగం కాదు, కానీ బర్గర్-ఫ్రైస్-డ్రింకు కూడా చాలావరకు ఆ కోవలోకే వస్తాయి. డాలర్‌కు ఎన్ని క్యాలరీలు అని లెక్కేసి ఫాస్ట్‌ఫుడ్ చవక అనేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. క్యాలరీ చవకైనా, కడుపు నిండిందని అనిపించడానికి ఎక్కువ కొనాల్సి వస్తే ఆ చవకకు అర్థం లేదు.

ఎప్పుడు కొనొచ్చు

నేను తేల్చుకున్నది ఇది. బోర్డు ధరకు పూర్తి మీల్ కొనడం చాలా సందర్భాల్లో ఇక గిట్టదు, అదే డబ్బుకు కూర్చుని తినే చోటు దగ్గర్లో ఉంటే అసలే గిట్టదు. ఆకలి తీరడానికి ఒక బర్గర్ చాలినప్పుడు మీల్ జోలికి పోకుండా బర్గర్ ఒక్కటి తీసుకుంటే లెక్క చాలా మారుతుంది, దాహానికి మంచినీళ్లు ఉన్నాయి. ప్రయాణంలో, టైమ్ లేని రోజున, వండే ఓపిక నిజంగా లేని రాత్రి, ఒంటరిగా ఉన్నప్పుడు ఇప్పటికీ ఫాస్ట్‌ఫుడ్‌కు విలువుంది. యాప్ వాడటానికి అభ్యంతరం లేనివాళ్లు ఆఫర్ ఉన్నప్పుడే వెళ్లడం మంచిది, ఆఫర్ కోసం అదనంగా కొనకుండా. మీ దగ్గర తీసుకుంటున్న వివరాలు కూడా ధరలో భాగమే అనుకుని లెక్క వేసుకోండి.

ఆ యాప్ లేని మనిషి గొడవ మాత్రం ఇంకా తీరలేదు. కంపెనీలకు ఈ సంగతి తెలియక కాదు. 2024 జూన్‌లో మెక్‌డొనాల్డ్స్ 5 డాలర్ల మీల్ డీల్ తెచ్చింది. నెల రోజులకే అనుకున్నది పొడిగిస్తూ పోయింది. యజమానులను ఒప్పించడానికి కోకా-కోలా ప్రచార ఖర్చులో కొంత భరించాల్సి వచ్చింది. అది పనిచేసినా 2025 మొదటి మూడు నెలల్లో అమెరికాలో పాత శాఖల అమ్మకాలు 3.6 శాతం పడిపోయాయి. ఆ ఏడాది ఆగస్టులో సీఈఓ క్రిస్ కెంప్‌జిన్‌స్కీ ఇన్వెస్టర్లతో మాట్లాడుతూ, కస్టమర్ మా విలువను కొలిచేది అన్నిటికంటే ఎక్కువగా మెనూ బోర్డుతోనే అని, అక్కడ పది డాలర్లు దాటిన కాంబోలు చూస్తే చులకన అవుతున్నామని ఒప్పుకున్నారు. తక్కువ ఆదాయం ఉన్నవాళ్ల రాక బాగా తగ్గిందని కూడా చెప్పారు. సెప్టెంబరులో ఎక్స్‌ట్రా వాల్యూ మీల్స్ తిరిగి వచ్చాయి: ఎనిమిది కాంబోలు, విడివిడిగా కొన్నదానికంటే 15 శాతం తక్కువకు, యాప్ ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ ఒకటే.

విడి ధరలే ముందు పెరిగిపోయాయి కాబట్టి ఆ 15 శాతంతో 2019 నాటి బిల్లు తిరిగి రాదు. అయినా ఈ తగ్గింపు ఫోన్‌లో కాకుండా బోర్డు మీద ఉంది. కౌంటర్ ముందు నిలబడ్డ మొదటి మనిషికీ అది అందుతుంది.